గుయ్ మనని మిక్సర్

ప్రజల నిద్ర చెడగొట్టే పనిని ప్రైవేటు వాళ్ళ చేతుల్లోంచి లాక్కుని స్వయంగా నిర్వహిస్తున్న పురపాలక సంఘం, నాకు తెలిసినంతలో, మా ఇప్పలకుర్తిది ఒక్కటే. నేనక్కడ జూనియర్ అసిస్టెంటును. పేరు కుమారస్వామి.

కొన్నేళ్ళ కిందట పెళ్ళి బరాత్‌లలో డీజేల మోత భరించలేక జనం గోల పెట్టారు. అప్పటి కమిషనర్ గారు బాగా ఆలోచించి, మోత తగ్గించడం కష్టం గానీ దాన్ని క్రమబద్ధం చెయ్యడం తేలిక అని కనిపెట్టారు. ప్రైవేటు డీజేలను నిషేధించి, మున్సిపాలిటీ తరఫునే ఒక డీజే బండి కొన్నారు. ఆనాటి నుంచి ఊళ్ళో ఎవరు బరాత్ తియ్యాలన్నా మా ఆఫీసులో దరఖాస్తు పెట్టుకోవాల్సిందే. మోత ఎంతుండేదో అంతే ఉంది. ఫిర్యాదులు మాత్రం ఆగిపోయాయి. మోత మాదే అయినప్పుడు ఫిర్యాదు ఎవరికిస్తారు పాపం!

బండి మీద స్పీకర్లు బాగానే ఉన్నాయి, లైట్లు బాగానే ఉన్నాయి. చిక్కంతా మిక్సర్‌తోనే. మిక్సర్ అంటే ఎరగని వాళ్ళకు ఒక ముక్క చెబుతాను. ఒక పాట అయిపోతుండగానే ఇంకో పాటను అందులో కలిపి, ఎక్కడా తెగకుండా జనాన్ని ఆడించే పెట్టె అది. మాది మాత్రం చక్కగా నడుస్తున్న పాటను కూడా నడిరోడ్డు మీద తెంపేసేది. బండి ఏ గోతిలో పడ్డా సరే, ఠక్కున ఆగేది. గోతుల విషయంలో మా మున్సిపాలిటీకి ఏ లోటూ లేదు.

ఇది నా సొంత సమస్య ఎప్పుడైందంటే, నాకు పెళ్ళి కుదిరినప్పుడు. పిల్ల పేరు ప్రశాంతి. మా ఊరి పిల్లే. నిశ్చితార్థం అయిన మర్నాడే ఫోన్ చేసింది.

"నాకు నగలు వద్దు, పట్టుచీరెలు వద్దు. ఒక్కటే మాట. మన బరాత్‌ల పాట ఆగొద్దు. ఆగిందనుకోన్రి, కారు దిగి సక్కగ మా అమ్మగారింటికి పోత. మూడు ముళ్ళు పడ్డయి గదా అని చూడ."

"అదేం పంతం?" అన్నాను.

"పంతం కాదు. మా అక్క బతుకు చూసి చెప్తున్న."

వాళ్ళక్క బరాత్ సంగతి ఊరందరికీ తెలుసు. సరిగ్గా పోలీస్ స్టేషన్ చౌరస్తాలో మా బండి గోతిలో దిగబడి పాట ఆగింది. పెళ్ళికొడుకు రాజమొగిలి, ఆర్టీసీలో కండక్టరు, కారులో కూర్చుని చాలాసేపు ఆ నిశ్శబ్దాన్ని భరించాడు. అప్పటి నుంచి భార్యకు ఆ నిశ్శబ్దం దక్కనివ్వలేదు. ఇంట్లో పాలు విరిగితే "ఎందుకు విరగయి, పాటాగిన పెండ్లాయె" అంటాడు. బస్సు పంక్చరైనా అదే మాట. అత్తగారింటికి అరిసెలు తినడానికి వచ్చి, అరిసె గట్టిగా ఉన్నా అదే మాట. పొద్దున లేస్తే ఆయన గొణుగుడు, పడుకునేదాకా గొణుగుడు.

"నన్ను ఎవ్వలూ గట్ల అనొద్దు," అంది ప్రశాంతి. "మీరు ఆఫీసుల ఉన్నరు గదా. ఆ మిక్సర్ మార్పియున్రి."

మిక్సర్ మార్పించడం ఎంతలో పని అనుకున్నాను. మర్నాడే ఫైలు తెరిచాను. నాది చిన్న వయసు.

మా ఇప్పటి కమిషనర్ పురుషోత్తం గారు అభివృద్ధి అంటే చెవి కోసుకుంటారు. ఫైలు చూడగానే కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"కాలానుగుణంగా ధ్వని వ్యవస్థను ఆధునీకరించుకొనుట పురపాలక సంఘం యొక్క కనీస ధర్మం. తక్షణమే కొత్త యంత్రమును ఎంపిక చేయవలెను. నిబంధనలు ఏమంటున్నాయి?"

నిబంధన చెప్పే పని మా అసిస్టెంట్ ఇంజనీరు శశిధర్ గారిది. ఆయన రోడ్లు వెయ్యడం కన్నా నిబంధనలు చదవడం మీదే ఎక్కువ శ్రద్ధ పెడతారు. ఒకప్పుడు పెద్ద బోరు మోటారు కాలిపోతే ఎవరో దాని స్థానంలో చిన్న మోటారు పెట్టి చేతులు దులుపుకున్నారట. ఆడిట్ వాళ్ళు పట్టుకున్నారు. దాంతో ఒక నియమం పుట్టింది: పాత వస్తువు స్థానంలో ఏ కొత్త వస్తువు కొన్నా, అది అన్ని విధాలా పాతదానికి సమానంగా ఉండాలి, ఏ విషయంలోనూ తగ్గకూడదు.

"మంచి నియమమే కదా సార్," అన్నాను నేను.

"మంచిదే. కానీ పాత యంత్రము యొక్క సమస్త గుణగణములను ముందుగా నిర్ధారించనిదే, కొత్తది దానికి తగ్గలేదని ఏ ముఖంతో ధ్రువీకరించగలము?" అన్నారు శశిధర్ గారు.

కమిషనర్ గారు బల్ల చరిచారు. "భేష్! సమానత్వ నిర్ధారణ సంఘమును ఇప్పుడే నియమిస్తున్నాను. అధ్యక్షుడను నేను. సభ్యులు మీరు. కాఫీలు కుమారస్వామి."

మధ్యాహ్నం షెడ్డులో తనిఖీ మొదలైంది. డీజే బండి ఆపరేటరు యాకయ్యను పిలిపించారు. యాకయ్య మనిషి మంచివాడు గానీ మెమో అంటే హడలి చస్తాడు. మిక్సర్‌లో ఫలానా లోపం ఉందని రాస్తే, ఎవరు చెడగొట్టారన్న ప్రశ్న వస్తుంది. ఆ ప్రశ్న వస్తే చూపుడువేలు తన వైపే తిరుగుతుందని అతనికి బాగా తెలుసు. అందుకని ఆ పూట మనసులో గట్టిగా ఒక నిర్ణయం తీసుకుని వచ్చాడు.

కరెంటు పెట్టగానే మిక్సర్ గుయ్‌య్‌య్ మంది.

"ఈ శబ్దం ఏమిటి?" అన్నారు కమిషనర్ గారు.

"అది ఖరాబు కాదు సార్. కొన్ననాటి సంది గట్లనే ఉన్నది. అది దాని గుణం."

"గుణమా!" అన్నారు శశిధర్ గారు. "అయితే కొత్తదానిలోనూ ఉండవలెను."

ఒక పాట నుంచి ఇంకో పాటకు జరిపే మీటను యాకయ్య పట్టుకుని లాగితే, అది ముప్పావు దూరం వెళ్ళి మొరాయించింది.

"ఇది పూర్తిగా జరగదేం?"

"ఎన్నడు జరగలే సార్. గంతవరకే దానికి ఇడిసిండ్రు."

చప్పుడు పెంచి తగ్గించే మరమీట ఒకటి ఊడిపోయి ఉంటే, దాని స్థానంలో యాకయ్య పళ్ళపేస్టు మూత బిగించాడు. అదీ కొన్ననాటి నుంచీ అంతేనట. ఫ్యాక్టరీ వాళ్ళే పేస్టు మూత పెట్టి పంపారని యాకయ్య వాళ్ళమ్మ మీద ఒట్టేశాడు. ముట్టుకుంటే చిన్నగా షాక్ కొట్టింది. "మందు తాగినోళ్ళు దగ్గరికి రాకుంట కంపెనోళ్ళు చేసిన ఏర్పాటు సార్," అన్నాడు. అంతలో పాట ఆగిపోయింది. యాకయ్య పక్కకొచ్చి ఎడమ దవడ మీద కొట్టినట్టు ఒకటి పీకాడు. మళ్ళీ మోగింది.

కమిషనర్ గారు ముగ్ధులైపోయారు. "చూశారా! యంత్రము అధికారిని గుర్తించుచున్నది."

నేను ఆగలేకపోయాను. "సార్, ఇవన్నీ లోపాలు సార్. వీటి వల్లే కదా మనం మారుస్తున్నది!"

శశిధర్ గారు నా వైపు జాలిగా చూశారు. "లోపమని నిరూపించుటకు కొన్ననాటి స్థితి వేరుగా ఉండెనని సాక్ష్యం ఉండవలెను. సాక్షి యాకయ్య. ఆయన లేదనుచున్నాడు." యాకయ్య తల వంచుకుని తన పేస్టు మూత వైపు చూసుకున్నాడు.

వారం తిరక్కముందే హైదరాబాదు నుంచి వరుణ్ అనే కుర్రాడు మూడు కొత్త మిక్సర్లు కారులో వేసుకుని దిగాడు. డీజే సామాన్ల షాపువాడు. నవ్వుముఖం. దారిలో తినడానికి తెచ్చుకున్న మిర్చిబజ్జీలు నాకూ పెట్టాడు. పెళ్ళి సంగతి చెబితే, "అన్నా, బరాత్ కోసమైతే ఎక్కువ ఆలోచించకు. ఎఫెక్టులు గిఫెక్టులు నీకెందుకు? రెండు పాటలు కలిపేది, గట్టిది, ఈ చిన్నది తీసుకో. గోతిలో కాదు, బావిలో పడ్డా మోగుతది," అన్నాడు. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి. బజ్జీ కారం వల్ల కొంత.

మీటింగు హాలులో ఆ చిన్నదానికి కరెంటు పెట్టాడు. హాలు నిశ్శబ్దంగా ఉంది. కమిషనర్ గారు చెవి దగ్గర పెట్టి విన్నారు.

"ఏమియు వినిపించుట లేదే?"

"అదే సార్ దీని గొప్ప! పాట లేనప్పుడు చప్పుడే ఉండదు!"

కమిషనర్ గారి ముఖం మాడిపోయింది. "నాయనా, పని లేనప్పుడు సైతం పని చేయుచున్నట్లు శబ్దం చేయుట ప్రభుత్వ యంత్రమునకు కనీస అర్హత. తర్వాతది చూపుము."

రెండోది పెద్దది. నాలుగు పాటలు ఒకేసారి కలుపుతుంది. దాని మీట వెన్నలో వేలు పెట్టినట్టు ఈ చివరి నుంచి ఆ చివరికి జారింది. "ఇంత స్వేచ్ఛ ప్రమాదకరం," అని శశిధర్ గారు తల అడ్డంగా ఊపారు. కమిషనర్ గారి ఆజ్ఞ మీద యాకయ్య దాన్ని ఎడమ పక్క ఒకటి కొట్టాడు. అది పాడుతూనే ఉంది. ఇంకోటి కొట్టాడు. వరుణ్ గుండెలు బాదుకున్నాడు గానీ మిక్సర్ చలించలేదు.

"దండనకు లొంగని యంత్రము," అని కమిషనర్ గారు తీర్పు చెప్పారు. "పనికిరాదు."

మూడోదానికి తెర ఉంది. పాటలను అదే వెతుక్కుని, అదే కలిపి, అదే వాయించుకుంటుంది. మరి ఆపరేటరు ఏం చెయ్యాలని శశిధర్ గారు అడిగితే, ఊరికే నిలబడొచ్చని వరుణ్ చెప్పాడు.

యాకయ్య ఆ పూట మొదటిసారి నోరు విప్పాడు. "ఊరికే నిలబడేటోనికి జీతం ఇస్తరా సార్?"

కమిషనర్ గారూ శశిధర్ గారూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ చర్చ ఎటు దారితీస్తుందో ఇద్దరికీ తెలిసినట్టుంది. మూడోదాన్ని వెంటనే పెట్టెలో పెట్టించారు.

మూడింటినీ నిర్దోషులన్న నేరం కింద తిరస్కరించారు. వరుణ్ బయటికొచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. "అన్నా, చెడిపోయింది కావాలంటే ముందే చెప్పొచ్చుగదా. మా షాపులో గుట్టలు గుట్టలున్నయి," అన్నాడు.

అవతల పెళ్ళి దగ్గర పడుతోంది. నేను నేరుగా కమిషనర్ గారి గదిలోకి వెళ్ళి కాళ్ళ మీద పడినంత పని చేశాను. ఆయన మనసున్న మనిషే. చాలాసేపు గడ్డం గోక్కుని ఒక దారి చెప్పారు.

"ఆ చిన్న యంత్రమును షరతులతో స్వీకరింతము. బండికి బిగించి, పూజ చేయించి, పిదప మరొకమారు సమానత్వమును పరీక్షింతము. అప్పటికీ తగ్గినచో వాపసు."

పూజకు ఆఫీసంతా వచ్చింది. మా ఊళ్ళో కొత్త బండి గానీ, మోటారు గానీ, చివరికి కుట్టుమిషను గానీ కొంటే కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు దాని మీద చల్లందే ఎవరూ ముట్టుకోరు. కరెంటుతో నడిచేదానికి ఈ ఆనవాయితీ వర్తిస్తుందా అని ఎవరికీ అనుమానం రాలేదు. నాకూ రాలేదు. నేనే కొబ్బరికాయ తెచ్చాను. నీళ్ళు బాగా ఉన్నదాన్ని ఊపి ఊపి మరీ ఏరి తెచ్చాను.

శశిధర్ గారు గంధం, పసుపు ధారాళంగా పూశారు. మిక్సర్‌కు ముఖం ఎక్కడుందో తెలియక అంతటా పూశారు. మీట జారే సందులో గంధం ముద్ద దిగింది. యాకయ్య పసుపుదారం కట్టి ముడి బిగించేసరికి ఒక మరమీట ఊడి కాలువలో పడింది. చివరికి కమిషనర్ గారు కాయ కొట్టారు. అది నిలువునా పగిలింది. శుభం అని అందరూ చప్పట్లు కొట్టారు. ఆయన ఆ ఉత్సాహంలో రెండు చిప్పల నీళ్ళూ మిక్సర్ మీద కుమ్మరించారు.

"సార్!" అని వరుణ్ కేక పెట్టాడు.

ఒక చిటపట. ఒక చిన్న పొగ. ఆ తర్వాత, గుయ్‌య్‌య్.

కమిషనర్ గారు మెల్లగా ముందుకు వంగి చెవి పెట్టారు. ఆయన ముఖం విప్పారింది. శశిధర్ గారు మీట లాగారు. ముప్పావు దూరం వెళ్ళి ఆగింది. ముట్టుకున్నందుకు షాక్ కొట్టింది. "ఆహా!" అన్నారు ఆయన, చెయ్యి విదిలించుకుంటూనే. యాకయ్య జేబులోంచి పేస్టు మూత తీసి ఊడినచోట బిగించాడు. అచ్చంగా సరిపోయింది.

"దైవానుగ్రహం!" అన్నారు కమిషనర్ గారు, కళ్ళు తుడుచుకుని. "ఇప్పుడు ఏ విషయములోనూ తగ్గలేదు." అక్కడికక్కడే సంతకాలైపోయాయి. వరుణ్ తన మిగతా రెండు మిక్సర్లనూ గుండెలకు హత్తుకుని, పులిహోర కూడా తినకుండా కారెక్కి హైదరాబాదు దారి పట్టాడు.

పెళ్ళి బాగా జరిగింది. బరాత్ దీపాలు పెట్టే వేళకు బయల్దేరింది. పూలకారులో నేను, ప్రశాంతి. ముందు డీజే బండి, దాని మీద, షాక్ తగ్గుతుందని కాళ్ళ కింద చెక్క పలక వేసుకుని యాకయ్య. బండి వెనకే కమిషనర్ గారు, తాము ఎంపిక చేసిన యంత్రం పనితీరు కళ్ళారా చూడటానికి శశిధర్ గారిని వెంటబెట్టుకుని వచ్చారు. పాట మోగుతోంది. కుర్రాళ్ళు చిందులేస్తున్నారు. ప్రశాంతి కారులోనే భుజాలు ఊపుతోంది. దేవుడా, ఆ ఒక్క చౌరస్తా దాటించు, అని నేను మొక్కుకుంటున్నాను.

పోలీస్ స్టేషన్ చౌరస్తాలో గొయ్యి అలాగే ఉంది. దానికి సమానమైన రోడ్డు దొరికేదాకా శశిధర్ గారు దాన్ని ముట్టుకోరు. బండి ముందు చక్రం దిగింది. ధడేల్‌మంది.

పాట ఆగింది.

చేతులు పైకెత్తిన కుర్రాళ్ళు అలాగే నిలబడిపోయారు. యాకయ్య ఎడమ పక్క కొట్టాడు. కుడి పక్క కొట్టాడు. పాట రాలేదు. చౌరస్తా అంతా నిండి వినిపిస్తున్నది ఒక్కటే. గుయ్‌య్‌య్.

ప్రశాంతి కారు తలుపు తెరిచి ఒక కాలు కింద పెట్టింది. నాకు నిజంగానే ఏడుపొచ్చింది.

"కంగారు వలదు!" అని కమిషనర్ గారు చెయ్యెత్తారు. "శబ్దము ఆగలేదు. నిబంధనల మేరకు గుయ్ కొనసాగుచునే ఉన్నది!"

ఎవరో పకపకా నవ్వారు. రాజమొగిలి. చేతులు కట్టుకుని, ఇన్నాళ్ళకు తోడు దొరికినవాడిలా నిలబడి ఉన్నాడు. "చెప్పలేదా నేను? ఈళ్ళింట్ల పెండ్లంటే పాట ఆగుడే!" అన్నాడు అందరికీ వినబడేట్టు. పక్కనే ఉన్న ప్రశాంతి వాళ్ళక్క తల దించుకుంది.

ప్రశాంతి అక్క ముఖం చూసింది. తర్వాత బావ ముఖం చూసింది.

"నవ్వుడు కాదు బావా. చేతనైతే నువ్వు పాడు. బస్సుల ప్యాసింజర్లకు వద్దన్నా పాటలు వినిపిస్తవట గదా. నా పెండ్లిల పాట ఆగకుంట చూడు. చేతకాకపోతే ఇయ్యాల్టి సంది మా అక్కను ఆ మాట అనకు."

ఊరంతా ఆయన వైపు తిరిగింది. రాజమొగిలి గొంతు సవరించుకున్నాడు. పారిపోవడానికి దారి లేదు, నాలుగు వైపులా జనం. కళ్ళు మూసుకుని, ఆ గుయ్ మీద చెవి పెట్టి, వాళ్ళమ్మ నాట్లలో పాడే పాట ఒకటి ఎత్తుకున్నాడు.

ఆ గుయ్ ఆయన గొంతుకు శ్రుతి పెట్టినట్టు కుదిరిపోయింది. మేమందరం నోళ్ళు తెరిచాం. టికెట్ టికెట్ అని అరిచే ఆ గొంతులో అంత తీపి ఉందని ఆయన భార్యకు కూడా తెలియదు. రెండో చరణానికి ఆడవాళ్ళు చప్పట్లతో అందుకున్నారు. పాట రప్పిద్దామని ఇంకా మిక్సర్‌ను కొడుతూనే ఉన్న యాకయ్య, తను కొడుతున్నది దరువైపోయిందని గమనించి, రెండు చేతులతో అందుకున్నాడు. ఒక్కో దెబ్బకు ఒక్కో షాక్ తగిలి, తాళానికి తోడు అతని చిందులు కూడా కలిశాయి.

ప్రశాంతి రెండో కాలు కింద పెట్టింది. నా ప్రాణం పైకే పోయింది. ఆ అడుగు అమ్మగారింటి వైపు వెయ్యలేదు. అక్క చెయ్యి పట్టుకుని నడిరోడ్డు మీదికి లాగి ఆడటం మొదలుపెట్టింది. కమిషనర్ గారు శశిధర్ గారి భుజం మీద చెయ్యేసి హుందాగా కదిలారు.

మా ఇంటి గుమ్మం దాకా అలాగే వచ్చాం. గుమ్మం దాటబోతూ భయం భయంగా అడిగాను. "మధ్యలో కొంచెం ఆగినట్టుంది కదా..."

"మిషన్ ఆగింది," అంది ప్రశాంతి, చెమట తుడుచుకుంటూ. "పాట ఎందుకాగుతది?" కుడికాలు లోపల పెట్టింది. అంత సంతోషం నాకు ఎప్పుడూ లేదు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి శశిధర్ గారు రాసి పెట్టారు. యంత్రము ఆగిన పిదప సైతం దాని విధి కొనసాగినది. కొనసాగించినది శ్రీ రాజమొగిలి గారి గొంతు. కావున సదరు గొంతు యంత్రములో అంతర్భాగము. కమిషనర్ గారు ఆమోదించారు. ఆర్టీసీతో మాట్లాడి రాజమొగిలిని మా మున్సిపాలిటీకి తెచ్చుకున్నాం. మిక్సర్, పేస్టు మూత, చెక్క పలక సరసన ఆస్తుల్లో ఆయనా చేరాడు. ఇప్పుడు ఏ బరాత్ అయినా చౌరస్తా గోతి దగ్గర బండి కావాలనే ఆగుతుంది, ఆయన పాడతాడు, జనం ఈలలు వేస్తారు. ఆయన పాట కోసమే ముహూర్తాలు మార్చుకునే వాళ్ళున్నారు. పాటాగిన పెండ్లి అనే మాట ఆయన నోట మళ్ళీ వినలేదు. గొణుగుడు మాత్రం పోలేదు. ఇప్పుడు ఇంట్లో ఉన్నంతసేపూ గుయ్ మని శ్రుతి సాధన చేస్తున్నాడు.

మొన్న భోజనానికి వస్తే ప్రశాంతి తన బావను ఆటపట్టించింది. "బావా, నువ్వు ఇప్పుడు సర్కారు సొమ్మువి. నీకు సమానమైనోడు దొరికేదాకా నిన్ను మార్చే వీలు లేదు."

ఆయన మీసం దువ్వుకున్నాడు. వంటింట్లోంచి ప్రశాంతి వాళ్ళక్క గరిటె పట్టుకుని నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి అడిగింది.

"మరిదీ, నీకు రూలు తెలుసు గదా. రేపు నిజంగనే మార్చాల్సొస్తే, ఆ కొత్తోడు సుత పొద్దుమూకులు గుయ్ మనాల్సిందేనా?"